అత్తయ్య కిడ్నీనా, నా కిడ్నీనా? ఏది ఎక్కువ కాలం పనిచేస్తుంది?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. ఐజీఏ నెఫ్రోపతీ అనే జబ్బుతో రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఐదు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. రక్తం తగ్గిందని మధ్యలో రెండుసార్లు ఎక్కించారు. కిడ్నీ ఇవ్వడానికి మా అత్తయ్య (59 ఏళ్లు), నేను (33 ఏళ్లు) ఇద్దరం సిద్ధంగా ఉన్నాం. మా వారిది బి పాజిటివ్, అత్తయ్యది ఓ పాజిటివ్, నాది బి నెగెటివ్. టిష్యూ మ్యాచింగ్‌లో అత్తయ్యకు ఆరుకు మూడు, నాకు ఆరుకు ఒకటి వచ్చాయి. క్రాస్‌మ్యాచ్ ఇద్దరికీ నెగెటివ్. రక్తసంబంధం ఉన్నవాళ్ల కిడ్నీ అయితేనే నిలుస్తుందని, భార్య కిడ్నీ నాలుగేళ్లకు మించి ఉండదని బంధువులు అంటున్నారు. అత్తయ్యకు బీపీ ఉంది, రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. మాకు ఆరేళ్ల పాప ఉంది, ఇంకొకరు కావాలనుకున్నాం. ఎవరు ఇస్తే మంచిది? పెట్టిన కిడ్నీ ఎన్నేళ్లు పనిచేస్తుంది? అది ఎక్కువ కాలం ఉండేలా మేం చేయగలిగింది ఏమైనా ఉందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మా, ముందు మీ బంధువుల మాట గురించి చెబుతాను. మీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది అదేనని ఉత్తరం చదివితే అనిపించింది. భార్య కిడ్నీ నాలుగేళ్లకు మించి ఉండదన్నది నిజం కాదు. ఈ విషయం తేలి ముప్పై ఏళ్లు దాటింది.

1995లో అమెరికాలో పాల్ తెరసాకి అనే శాస్త్రవేత్త బృందం వేల ట్రాన్స్‌ప్లాంట్ల వివరాలను పోల్చి చూసింది. భార్యో భర్తో ఇచ్చిన కిడ్నీలు మూడేళ్ల తర్వాత 85 శాతం మందిలో పనిచేస్తున్నాయి. తల్లిదండ్రులు ఇచ్చినవి 82 శాతం. చనిపోయిన వారి నుంచి తీసుకున్నవి 70 శాతం. టిష్యూ మ్యాచింగ్‌లో దంపతుల మధ్య పోలిక చాలా తక్కువ. అయినా తల్లిదండ్రుల కిడ్నీలకు ఏమాత్రం తీసిపోలేదు. కారణం సూటిగా ఉంటుంది. బతికున్న దాత ఆరోగ్యవంతుడని అన్ని పరీక్షలూ చేసి తేల్చుకున్నాకే కిడ్నీ తీస్తారు. తీసిన కిడ్నీ రక్తప్రసరణ లేకుండా ఐస్ మీద గంటల తరబడి ఉండదు, పక్క థియేటర్‌లోనే పెట్టేస్తారు. దెబ్బ తినకుండా వచ్చిన కిడ్నీ ఎవరిదైనా మంచి కిడ్నీయే. అవి ముప్పై ఏళ్ల నాటి అంకెలు. ఆ తర్వాత మందులు బాగా మెరుగయ్యాయి, ఫలితాలూ మెరుగయ్యాయి.

ఇక ఆ ఆరుకు మూడు, ఆరుకు ఒకటి సంగతి. చాలామంది దీన్ని పరీక్షలో మార్కుల్లా చూస్తారు. ఒకటి వచ్చిందంటే ఫెయిలైనట్టే అనుకుంటారు. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఉంటాయి. ‘ఇది నాది, ఇది పరాయిది’ అని శరీరం పోల్చుకునేది వాటితోనే. ఎ, బి, డీఆర్ అనే మూడు రకాల్లో తల్లి నుంచి ఒక్కొక్కటి, తండ్రి నుంచి ఒక్కొక్కటి, మొత్తం ఆరు లెక్కపెడతారు. కాబట్టి తల్లికీ కొడుక్కీ సగం కలవడం మామూలే, అది అదృష్టమేమీ కాదు. తోబుట్టువులైతే నాలుగింట ఒక వంతు అవకాశంలో ఆరూ కలుస్తాయి, నాలుగింట ఒక వంతు అవకాశంలో తల్లిదండ్రుల నుంచి ఉమ్మడిగా వచ్చినది ఏదీ ఉండదు. ఆరూ కలిసిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కిడ్నీలే అందరికంటే ఎక్కువ కాలం నిలుస్తాయన్నది నిజమే. కానీ మూడుకీ ఒకటికీ మధ్య తేడా ఇప్పుడున్న మందులతో అంత పెద్దది కాదు. ఆ ఒక్క అంకె చూసి మిమ్మల్ని మీరు పక్కకు తప్పించుకోవద్దు.

ఆ అంకె కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది మీరు మాటవరసకు రాసిన ఇంకో వాక్యం: రెండుసార్లు రక్తం ఎక్కించారు.

ఇతరుల రక్తం ఒంట్లోకి వచ్చినప్పుడు కొందరిలో ఆ పరాయి గుర్తులకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. స్త్రీలలో గర్భం వల్ల కూడా అవుతాయి. ఇదివరకు ట్రాన్స్‌ప్లాంట్ జరిగి ఉంటే దానివల్లా అవుతాయి. దాత కిడ్నీ మీద ఉన్న గుర్తులకు వ్యతిరేకంగా ముందే యాంటీబాడీలు ఉంటే, కిడ్నీ పెట్టిన రోజే వాటి దాడి మొదలుకావచ్చు. కొద్ది మోతాదులో ఉంటే నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా తినేయవచ్చు. దాత కణాల మీద మీ వారి రక్తంలోని యాంటీబాడీలు దాడి చేస్తాయా అని చూసే పరీక్షే క్రాస్‌మ్యాచ్. అది నెగెటివ్ రావడం మంచి విషయమే. అయితే అది ఏ పద్ధతిలో చేశారో అడగండి. పాత పద్ధతికి కొద్ది మోతాదు యాంటీబాడీలు దొరకవు. ఫ్లో క్రాస్‌మ్యాచ్, సింగిల్ యాంటిజెన్ బీడ్ టెస్ట్ అని ఉంటాయి, వాటికి దొరుకుతాయి. రెండో టెస్ట్ అయితే ఏ గుర్తుకు వ్యతిరేకంగా ఎంత యాంటీబాడీ ఉందో కూడా చెబుతుంది. యాంటీబాడీలు రక్తం ఎక్కించిన వెంటనే కనిపించవు, రెండు మూడు వారాలు పట్టవచ్చు. అందుకని రక్తం ఎక్కించిన తేదీలు, క్రాస్‌మ్యాచ్ చేసిన తేదీ ఒక కాగితం మీద రాసి ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ చేతికివ్వండి. టెస్ట్ ముందు, రక్తం తర్వాత అయి ఉంటే మళ్లీ చేయాల్సిందే. ఎలాగూ ఆపరేషన్‌కు ముందు ఇంకోసారి చేస్తారు.

ఇకమీదట హిమోగ్లోబిన్ తగ్గితే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లు, ఐరన్‌తో సరిపెట్టవచ్చేమో ముందు అడగండి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు రక్తం ఎక్కించక తప్పదు, అప్పుడు వద్దనకూడదు. కానీ ‘కొంచెం తగ్గింది, ఒక బాటిల్ ఎక్కిద్దాం’ అన్న మాటకు ట్రాన్స్‌ప్లాంట్ కోసం చూస్తున్న మనిషి విషయంలో వెంటనే సరే అనకండి.

మీ గ్రూపు బి నెగెటివ్ అన్నారు. కిడ్నీ విషయంలో పాజిటివ్, నెగెటివ్ తేడా అడ్డు కాదు. అత్తయ్యగారిది ఓ కాబట్టి ఆమె కూడా ఇవ్వవచ్చు. రక్తం గ్రూపు పరంగా మీ ఇద్దరికీ దారి తెరిచే ఉంది. అది పెద్ద ఊరట.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న, ఎన్నేళ్లు? బతికున్న దాత నుంచి వచ్చిన కిడ్నీ మొదటి ఏడాది పూర్తయ్యేసరికి నూటికి 95 మందికి పైగా పనిచేస్తూ ఉంటుంది. ఆ తర్వాతి కాలాన్ని డాక్టర్లు సగటున 15 నుంచి 20 ఏళ్లు అని చెబుతుంటారు. ఆ మాట విని ఇంటికెళ్లి క్యాలెండర్ చూసుకున్నవాళ్లు నాకు తెలుసు. దాని అర్థం మాత్రం అది కాదు. వంద మందికి కిడ్నీ పెడితే అన్నేళ్లు గడిచేసరికి దాదాపు సగం మందిలో అది ఇంకా పనిచేస్తూ ఉంటుందని దాని అర్థం. అదే కిడ్నీతో ముప్పై ఏళ్లు దాటినవాళ్లు ఉన్నారు. మూడేళ్లకే పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మీ వారు ఆ వందలో ఎక్కడ ఉంటారన్నది కొంతవరకు ముందే తేలిపోయిన విషయాల మీద, చాలావరకు ఇకపై జరిగే విషయాల మీద ఆధారపడుతుంది. రెండో భాగం గురించే నేను ఎక్కువ రాయాలనుకుంటున్నాను. దానికంటే ముందు మొదటి భాగంలో రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది ఆయన జబ్బు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం ఒకతని కిడ్నీని అతని కవల సోదరుడికి పెట్టింది. విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలలు కాబట్టి రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని పరాయిదని శరీరం దాడి చేయడం, అన్న ప్రశ్నే రాలేదు, మందులూ అవసరం పడలేదు. అంతకంటే మంచి మ్యాచింగ్ ఈ లోకంలో ఉండదు. కిడ్నీ పెట్టించుకున్న సోదరుడు ఎనిమిదేళ్లు బతికాడు. తన సొంత కిడ్నీలను పాడుచేసిన జబ్బు కొత్త కిడ్నీలోనూ తిరగబెట్టింది. కిడ్నీ ఇచ్చిన సోదరుడు మాత్రం ఒక్క కిడ్నీతో ఇంకో యాభై ఆరేళ్లు బతికి, 2010లో 79వ ఏట కన్నుమూశాడు. మ్యాచింగే సర్వస్వం కాదని ట్రాన్స్‌ప్లాంట్ చరిత్ర మొదటి పేజీలోనే రాసి ఉంది.

మీ వారిది ఐజీఏ నెఫ్రోపతీ. ఇదీ కొత్త కిడ్నీలోకి తిరిగి రాగల జబ్బే. బయాప్సీ చేసి చూస్తే చాలామందిలో దాని ఆనవాళ్లు కనిపిస్తాయి. అయితే ఇది సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. దీనివల్లే మొదటి పదేళ్లలో కొత్త కిడ్నీ పోగొట్టుకునేవాళ్లు తక్కువమందే. ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే జబ్బులో కొన్ని రకాలు పెట్టిన కొద్ది రోజులకే తిరగబెట్టి హడలగొడతాయి. దానితో పోలిస్తే మీరు కొంత నయమైన చోటే ఉన్నారు. దీన్ని ముందుగా పట్టుకోవాలంటే మూత్రంలో ప్రోటీన్, రక్తకణాలు పోతున్నాయేమో తరచూ చూస్తూ ఉండాలి. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. ఇంకో జాగ్రత్త: ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువ మందికి ఉంటుంది. అత్తయ్యగారి మూత్ర పరీక్షలో కంటికి కనపడని రక్తకణాలు ఉన్నాయేమో తప్పకుండా చూడాలి. ఉంటే ఆ సంగతి తేలేదాకా ఆమె కిడ్నీ తీయకూడదు.

రెండోది దాత వయసు. వయసుతోపాటు కిడ్నీలో వడపోసే శక్తి మెల్లగా తగ్గడం సహజం. 59 ఏళ్ల కిడ్నీకీ 33 ఏళ్ల కిడ్నీకీ మధ్య ఇరవయ్యారేళ్ల తేడా ఉంది. లెక్కకైతే మీ కిడ్నీయే ఎక్కువ కాలం వస్తుందని అనుకోవాలి. కిడ్నీ సైజు కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న శరీరం ఉన్నవారి కిడ్నీ భారీ మనిషికి పెడితే దాని మీద భారం ఎక్కువ పడుతుంది. అయితే వయసు అంకెను చూసి నిర్ణయించకండి, జీఎఫ్‌ఆర్ అంకెను చూడండి. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో చెప్పేది అదే. 90 గానీ అంతకు పైన గానీ ఉంటే దాతగా నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. 60 కంటే తక్కువైతే వద్దు. మధ్యలో ఉంటే వయసు, బీపీ, మిగతా ఆరోగ్యం అన్నీ కలిపి డాక్టర్లు బేరీజు వేస్తారు. ఒక మాత్రతో అదుపులో ఉన్న బీపీ ఒక్కటే అత్తయ్యగారికి అడ్డు కాదు. కానీ గుండె, కళ్లు, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ చూసి బీపీ వల్ల ఇప్పటికే దెబ్బ తగల్లేదని తేల్చుకోవాలి.

ఎవరు ఇస్తే మంచిదని నన్ను సూటిగా అడిగారు కాబట్టి నేనూ సూటిగా చెబుతాను. అత్తయ్యగారి జీఎఫ్‌ఆర్ బాగుండి, మూత్రం శుభ్రంగా ఉండి, గుండె పరీక్షలు సరిగా వస్తే నేను ఆమె వైపే మొగ్గుతాను. నమ్మకం కలిగించే కారణాలు రెండున్నాయి. మీ వారికి 38 ఏళ్లే. ఎంత బాగా చూసుకున్నా ఆయన జీవితంలో రెండో ట్రాన్స్‌ప్లాంట్ అవసరం పడే అవకాశం ఉంది. అప్పటికి అత్తయ్యగారు దాతగా పనికిరారు, మీరు పనికొస్తారు. పెద్దవారి కిడ్నీ ముందు, చిన్నవారిది తర్వాత అన్న ఆలోచన అందుకే. రెండోది మీరు అనుకున్న బిడ్డ. కిడ్నీ ఇచ్చాక కూడా పిల్లల్ని కనవచ్చు, చాలామంది ఆరోగ్యంగా కంటున్నారు. కానీ 2015లో కెనడాలో చేసిన ఒక అధ్యయనంలో, దానం చేసిన తర్వాత గర్భవతులైనవారిలో నూటికి 11 మందికి గర్భంలో బీపీ గానీ, బీపీతోపాటు కిడ్నీ లాంటి అవయవాలూ దెబ్బతినే ప్రీఎక్లాంప్సియా గానీ వచ్చాయి. అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయని వారిలో అది 5 శాతమే. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ముందే తెలిసి ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్యగారి పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే మాత్రం ఆమెను బతిమాలి ఒప్పించవద్దు, ఆమె పట్టుబట్టినా డాక్టర్లను ఒత్తిడి చేయవద్దు. అప్పుడు మీరే సరైన దాత. మీ కిడ్నీ ఏ విధంగానూ రెండో రకం కిడ్నీ కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మీ ఇద్దరినీ డాక్టర్ విడివిడిగా కూర్చోబెట్టి ‘మీకు నిజంగా ఇష్టమేనా’ అని అడుగుతారు. అప్పుడు పక్కన ఇంట్లోవాళ్లు ఎవరూ ఉండకుండా చూడండి. కోడలు ముందు అత్తయ్య ‘భయంగా ఉంది’ అని చెప్పలేరు. అత్తయ్య ముందు మీరూ చెప్పలేరు. ఆ మాట లోపల దాచుకుని ఇచ్చిన దాతలను తర్వాత చూశాను. కోలుకోవడం కష్టమైంది, ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయాయి.

ఎవరన్నది తేల్చుకోవడానికి నెలల తరబడి సమయం తీసుకోకండి. డయాలసిస్ మీద గడిచే కాలం రాబోయే కిడ్నీ ఆయుష్షును కూడా తింటుంది. 2002లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూడండి. బతికున్న దాత కిడ్నీయే అయినా, డయాలసిస్ మొదలుకాకముందే ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నవారిలో పదేళ్ల తర్వాత 75 శాతం కిడ్నీలు పనిచేస్తున్నాయి. రెండేళ్లు దాటి డయాలసిస్ చేయించుకున్నవారిలో 49 శాతమే. డయాలసిస్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది కానీ అసలు కిడ్నీ చేసే పనిలో కొంతే చేయగలదు. ఆ కాలమంతా గుండె, రక్తనాళాలు గట్టిపడుతూ ఉంటాయి. కొత్త కిడ్నీకి రక్తం అందాల్సింది ఆ నాళాల గుండానే. మీరు ఐదో నెలలో ఉన్నారు. ఇద్దరు దాతలు సిద్ధంగా ఉన్నారు. బంధువుల తీర్పు కోసం ఆగాల్సిన పని లేదు. ఇద్దరి పరీక్షలూ ఒకేసారి మొదలుపెట్టించండి. ఒకరివి అయ్యాక రెండోవారివి అనుకుంటే అక్కడే రెండు మూడు నెలలు పోతాయి.

ఇప్పుడు ఆపరేషన్ తర్వాత సంగతి. మీ ఉత్తరంలో ‘మేం చేయగలిగింది ఏమైనా ఉందా’ అన్న వాక్యం చదివి నాకు సంతోషం వేసింది. ఎందుకంటే చాలామంది ఆ ప్రశ్న అడగరు. ఎవరి కిడ్నీ అన్న దాని మీద ఆరు నెలలు చర్చిస్తారు, మాత్రలు ఎన్ని గంటలకు వేసుకోవాలన్నది ఐదు నిమిషాల్లో విని వదిలేస్తారు.

పెట్టిన కిడ్నీ ఎంత కాలమైనా శరీరానికి పరాయిదే. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసలోన్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని కొంత అణచిపెట్టి దాడి జరగకుండా ఆపుతుంటాయి. చాలామందికి టాక్రోలిమస్ పన్నెండు గంటలకు ఒకసారి వేసుకోవాలి. రక్తంలో దాని లెవెల్ తక్కువైతే రిజెక్షన్ వస్తుంది. ఎక్కువైతే అదే మందు కిడ్నీని దెబ్బతీస్తుంది, చేతులు వణుకుతాయి, షుగర్ పెరుగుతుంది. అందుకే లెవెల్ చూస్తూ మోతాదు సరిచేస్తారు. సగటు లెవెల్ సరిగా ఉంటే చాలదు. ఒక వారం ఎక్కువ, ఇంకో వారం తక్కువ అన్నట్టు ఊగిసలాడేవారిలో కిడ్నీ త్వరగా పాడవుతుందని ఇప్పుడు బాగా తెలుసు. రోజూ అవే సమయాలకు, తిండికి ముందా తర్వాతా అన్నది మార్చకుండా, ఒకే కంపెనీ మందు వేసుకోవడం అందుకే. మందుల షాపులో ‘అదే మందు, కంపెనీ వేరు’ అని ఇస్తే డాక్టర్‌కు చెప్పకుండా మార్చవద్దు. మార్చాల్సి వస్తే లెవెల్ మళ్లీ చూపించాలి. లెవెల్ పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. వేసుకుని వెళ్తే అంకె తప్పుగా వస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది.

2012లో వచ్చిన ఒక అధ్యయనంలో రిజెక్షన్ వల్ల పోయిన కిడ్నీలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. అలా పోగొట్టుకున్నవారిలో దాదాపు సగం మంది మందులు సరిగా వేసుకోనివాళ్లే. వాళ్లు నిర్లక్ష్యపు మనుషులని నేను అనను. నా దగ్గరకు వచ్చిన ఒకాయన ఆరేళ్లు అద్దంలా ఉన్నాడు. క్రియాటినిన్ ఒకటిన్నర దాటలేదు. ఏడో ఏట ఉద్యోగం మారాడు, షిఫ్టులు మారాయి, రాత్రి మాత్ర వారానికి రెండుసార్లు మరిచిపోయేవాడు. ఏమీ కాలేదు కదా అనుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత కాళ్ల వాపుతో వచ్చాడు. కిడ్నీకి వ్యతిరేకంగా కొత్త యాంటీబాడీలు తయారై ఉన్నాయి. ఒకసారి అవి తయారయ్యాక పూర్తిగా వెనక్కి పంపడం చాలా కష్టం. ఆయన నాతో అన్న మాట, ‘రెండు మాత్రలే కదండీ’ అని. మాత్ర తప్పిన రోజు ఏ నొప్పీ ఉండదు, అదే మోసం. కిడ్నీ నెలల పాటు మౌనంగా దెబ్బ తింటుంది. క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి చాలా భాగం పోయి ఉంటుంది.

కాబట్టి మీ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకోండి. ఫోన్‌లో రెండు అలారాలు, వారానికి సరిపడా గళ్ల డబ్బా, ప్రయాణంలో మందులు చేతి సంచిలోనే. ఎప్పుడైనా మరిచిపోతే తిట్టకండి. తిడితే తర్వాతిసారి దాచిపెడతారు. మరిచిపోయానని మనిషి ధైర్యంగా చెప్పగలిగే ఇంట్లో కిడ్నీ ఎక్కువ కాలం ఉంటుంది, నా అనుభవంలో ఇది ఖాయంగా చూశాను. దుష్ప్రభావాల వల్ల మాత్ర మానేయాలనిపిస్తే, మానేసే ముందు డాక్టర్‌కు చెప్పాలి. మోతాదు మార్చవచ్చు, మందు మార్చవచ్చు.

వేరే జబ్బుకు వేరే డాక్టర్ దగ్గరకు వెళ్లినా, ‘నాకు కిడ్నీ మార్పిడి జరిగింది, టాక్రోలిమస్ వాడుతున్నాను’ అన్నది మొదటి వాక్యం కావాలి. క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ లాంటివి టాక్రోలిమస్ లెవెల్‌ను ఒక్కసారిగా పైకి లేపుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ కిందికి పడేస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకే శత్రువులు, ఒంటి నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకోకూడదు. గ్రేప్‌ఫ్రూట్ మానేయాలి. మూలికల మందులు, ఒంటికి శక్తినిస్తాయని అమ్మే పొడులు అసలు వద్దు. వాటిలో ఏముందో చాలాసార్లు అమ్మేవాళ్లకే తెలియదు.

రోగనిరోధక శక్తిని అణచిపెడుతున్నాం కాబట్టి ఇన్‌ఫెక్షన్ల వైపు నుంచీ ప్రమాదం ఉంటుంది. బీకే వైరస్ అని ఒకటి ఉంది. మనలో చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా నిద్రపోతూ ఉంటుంది. మందుల వల్ల మేల్కొని కొత్త కిడ్నీనే దెబ్బతీయగలదు, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. దానికి గట్టి మందు లేదు, ముందుగా పట్టుకుని రోగనిరోధక మందులు తగ్గించడమే చికిత్స. అందుకే మొదట్లో క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేస్తారు. ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఆ పరీక్ష వాయిదా వేయకండి. జ్వరం వస్తే ఇంట్లో రెండు రోజులు చూద్దాం అనే అలవాటు ఇక చెల్లదు. టీకాలన్నీ వీలైతే ఆపరేషన్‌కు ముందే పూర్తి చేయించండి. బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు తర్వాత ఇవ్వరు.

ఇప్పుడు చెప్పేది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. పెట్టిన కిడ్నీ చక్కగా పనిచేస్తూ ఉండగానే మనిషి గుండెజబ్బుతోనో, ఇన్‌ఫెక్షన్‌తోనో, క్యాన్సర్‌తోనో చనిపోవడం దీర్ఘకాలంలో కిడ్నీ కోల్పోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి. అంటే కిడ్నీని కాపాడుకోవడంలో సగం పని గుండెను కాపాడుకోవడమే. బీపీ 130/80 లోపల ఉండాలి. ప్రెడ్నిసలోన్, టాక్రోలిమస్ రెండూ షుగర్‌ను పెంచగలవు కాబట్టి ఇదివరకు షుగర్ లేనివారికీ కొత్తగా రావచ్చు, మొదటి నెలల్లో దాని మీద కన్ను వేసి ఉంచాలి. ఆపరేషన్ తర్వాత ఆకలి బాగా పెరుగుతుంది. డయాలసిస్ రోజుల్లో నోరు కట్టుకున్న మనిషి ఇప్పుడు తింటుంటే ఇంట్లో అందరికీ ముచ్చటగా ఉంటుంది. ఏడాదిలో పది కిలోలు పెరిగాక తగ్గించడం కష్టం. పొగతాగే అలవాటు ఉంటే ఆపరేషన్‌కు ముందే ఆపేయాలి. చర్మం మీద మానని పుండు, రంగు మారిన మచ్చ కనిపిస్తే చూపించాలి, ఎండలో చర్మాన్ని కప్పుకోవాలి.

ఇక మీలో ఎవరు ఇస్తే వారి సంగతి. ట్రాన్స్‌ప్లాంట్ బాగా జరిగిందా అని లెక్క చూసేటప్పుడు దాతను మరిచిపోతే ఆ లెక్క సగమే. మిగిలిన ఒక్క కిడ్నీ పని పెంచుకుని, మునుపటి మొత్తంలో 60 నుంచి 70 శాతం దాకా అందుకుంటుంది. అది మామూలు జీవితానికి సరిపోతుంది. 2014లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, పదిహేనేళ్లలో 10,000 మంది దాతల్లో సుమారు 31 మందికి కిడ్నీలు పూర్తిగా ఫెయిలయ్యాయి. అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివారిలో 10,000కు నలుగురికి. ప్రమాదం పెరిగినమాట నిజం, మొత్తం మీద అది చిన్నదన్నమాటా నిజం. రెండూ తెలిసి నిర్ణయం తీసుకోండి. తర్వాత ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి. సాధారణంగా దాతలు మొదటి ఏడాది వస్తారు, తర్వాత రారు. ఇంట్లో అందరి దృష్టీ కిడ్నీ పెట్టించుకున్న మనిషి మీదే ఉంటుంది. మీ వారి చెకప్ తేదీ రోజే అత్తయ్యగారిదో, మీదో కూడా పెట్టుకోండి, మరిచిపోయే అవకాశం ఉండదు.

ఈ వారం చేయాల్సిన పనులు రెండే. రక్తం ఎక్కించిన తేదీలు పట్టుకుని యాంటీబాడీ టెస్ట్ గురించి అడగండి. మీ ఇద్దరి జీఎఫ్‌ఆర్, మూత్ర పరీక్షలు ఒకేసారి మొదలుపెట్టించండి. రిపోర్టులు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. అత్తయ్యగారి జీఎఫ్‌ఆర్ అంకె, మీ వారి యాంటీబాడీ రిపోర్టు రెండూ ఆ ఉత్తరంలో ఉంటే, ఎవరన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టిగా చెప్పగలను.